మామగారి సీసా

కాబోయే అల్లుడు భోజనానికి వస్తే మామగారు ఏం పెట్టిస్తారు? మన గోదావరి జిల్లాల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. పూతరేకులూ కాజాలూ మొదలుకుని పనసపొట్టు కూర దాకా విస్తట్లో చోటు చాలనన్ని వడ్డించి, అల్లుడు "ఇహ చాలండీ" అనేదాకా కాదు, అన్న తరవాత కూడా వడ్డిస్తారు. 1930ల్లో దక్షిణ ఫ్రాన్సులో ఒక మామగారు ఇంతకంటే ప్రమాదకరమైన మర్యాద చేశాడు. ఇంట్లో దాచిన ఒక పాత సీసా బయటికి తీసి, బిరడా లాగి, కాబోయే అల్లుడి చేత రుచి చూపించాడు. ఆ అల్లుడు ఆ ఒక్క రుచి పట్టుకుని మిగిలిన జీవితమంతా గడిపేశాడు.

తెలుగు మేష్టరుకు ఫ్రెంచివాళ్ల ద్రాక్షసారా గొడవ దేనికని చదువరులు అడగవచ్చు. అడగవలసిందే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవారు సారా మీద చీపుళ్లు పట్టుకుని లేచిన దేశం మనది; తాగుడు చేసే చేటు మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. నేను ఎవరినీ తాగమనటం లేదు. నాకు కావలసింది ఆ అల్లుడి కథ. అందులో నా వృత్తికి సంబంధించిన ముక్క ఒకటి వుంది, అది ముందుముందు మీకే తెలుస్తుంది.

అల్లుడి పేరు లూసియన్. ఇంటిపేరు పేరో. (తెలుగు చెవికి ఇది ప్రశ్నలా వినిపిస్తే ఆ తప్పు అతనిది కాదు.) అమ్మాయి పేరు లూసీ, ముద్దుగా లులు, పుట్టింటివారు తాంపియేవారు. మార్సే, తూలాన్ నగరాల నడుమ, మధ్యధరా సముద్రపు ఒడ్డున బాందోల్ అనే రేవు వుంది. ఆ రేవుకు కాస్త లోపలగా 1834 నుంచీ తాంపియేవారికి ఒక ఇల్లూ, ద్రాక్షతోటా వున్నాయి. 1936లో పెళ్లయినప్పుడు లులుకు ఆ తోట పుట్టింటి కానుకగా వచ్చింది. మన మాటల్లో చెప్పాలంటే పసుపుకుంకుమల కింద ఇచ్చిన పొలం. డొమేన్ తాంపియే అని ఇవాళ దేశదేశాల వైను ప్రియులు చెప్పుకునే పేరు ఆ పొలానిదే. (ఈ పేర్లు పలకటంలో నేను చేసే అపచారాలను యానాంవారు సరిదిద్దుదురుగాక, 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో వున్నవారు గనక ఆ హక్కు వారికుంది.)

ఇహ ఆ సీసా సంగతి. అది ఆ పొలంలోనే పండిన ద్రాక్షతో చేసిన ఎర్ర వైను. కాని మామూలు సీసా కాదు, ఫిలాక్సెరాకు ముందుది.

ఫిలాక్సెరా అంటే ఒక పురుగు. కంటికి ఆనీ ఆననంత, పసుపుపచ్చటి పేనుబంక జాతిది. పంతొమ్మిదో శతాబ్దం నడిమి కాలంలో అమెరికా నుంచి తెచ్చిన ద్రాక్షమొక్కలతో పాటు చడీచప్పుడూ లేకుండా ఫ్రాన్సులో దిగింది. వేళ్లను పట్టి రసం పీలుస్తుంది. పైన ఆకులు పచ్చబడతాయి, తీగె వాడిపోతుంది, రైతుకు కారణం తెలియదు. చచ్చిన తీగెను పెళ్లగించి చూస్తే పురుగు కనిపించదు. ఎందుకంటే అది అప్పటికే పక్క తీగెకు కాపురం మార్చేసి వుంటుంది! దొంగను పోయిన ఇంట్లో వెతికినట్టు వుండేది వాళ్ల పని. 1868లో మోంపెలియే నుంచి వచ్చిన ప్లాంషోన్ అనే వృక్షశాస్త్రవేత్త మరీ చావని తీగె వేళ్లు చూడబట్టి దొంగ దొరికింది. దొరికినా ఏం లాభం? మందులు కొట్టారు, తోటలకు తోటలు నీట ముంచి చూశారు. దేశంలో ద్రాక్షతోటల్లో పెద్దభాగం తుడిచిపెట్టుకు పోయింది. చిట్టచివరికి కుదిరిన వైద్యం మన మామిడితోటల వాళ్లు ఎరిగినదే, అంటు కట్టటం. ఆ పురుగుకు అలవాటుపడ్డ అమెరికా తీగె వేరు కింద, ఫ్రెంచి కొమ్మ పైన. ఈనాటికీ ఫ్రాన్సులో దాదాపు ప్రతి ద్రాక్షతీగె ఈ పద్ధతిలోనే నిలబడి వుంది.

అంటుతో తోటలు బతికాయి గాని, పాత తోటలే తిరిగి రాలేదు. బాందోల్ ప్రాంతంలో వెనక నుంచీ పండించిన జాతి మూర్వేద్ర్ అనేది. అది మహా మొండి జాతి. మొదట్లో అంటుకు సరిగా కుదరలేదు. కాపు తక్కువ. ఆలస్యంగా పండుతుంది. సర్వమూ పోగొట్టుకున్న రైతు మళ్లీ తోట వేసేటప్పుడు ఏం చూస్తాడు? తొందరగా, దండిగా కాసేది చూస్తాడు. అల్లాగే చేశారు. వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు. 1960ల చివర ఐ.ఆర్. 8 వడ్లు వచ్చినప్పుడు మన డెల్టాలో అక్కుళ్లూ కృష్ణకాటుకలూ ఏమయినాయో మనమెరుగుదుం. కడుపు నిండింది, రుచి వెళ్లిపోయింది, ఆ రుచి ఎరిగిన తాతలు కొంతకాలం గొణిగి వాళ్లూ వెళ్లిపోయారు.

అదీ లూసియన్ గ్లాసులో పడ్డది. తానెన్నడూ చూడని తోట రుచి. అతను తాగినది అర్ధశతాబ్దికి ముందు నేల పండించినది, చుట్టుపక్కల ఎవరూ పండించనిది. ఇదే పొలం, ఇదే ఎండ, ఇదే సముద్రపు గాలి. మరి ఈ సారం ఇప్పుడెందుకు రావటం లేదు? ఈ ప్రశ్న వెంట పడి, పాత రైతులను అడిగి, నేలను శోధించి చూస్తే తేలినదేమంటే, లోపం నేలలో లేదు, తీగెలో వుంది. మూర్వేద్ర్ జాతి ఆ ప్రాంతంలో నామమాత్రంగా మిగిలివుంది.

ఇక్కడే నా వృత్తి అడ్డు వస్తుంది. మానవల్లి రామకృష్ణకవిగారు నన్నెచోడుని కుమారసంభవాన్ని తాళపత్రాల్లోంచి వెలికితీసి 1909లో అచ్చువేసేదాకా అల్లాంటి కవి ఒకడున్నాడని తెలుగుదేశానికి తెలియదు. ఆ కవి ఏ కాలంవాడని పండితులు చాలాకాలం కొట్టుకున్నారు, అది వేరే మాట. పాత ప్రతి ఒక్కటి దొరికితే చాలు, పోయిందనుకున్న కావ్యం తిరిగి లేస్తుంది. మామగారి సీసా కూడా అల్లాంటి పాత ప్రతే అని నాకు మొదట తోచింది. ఆలోచించిన కొద్దీ ఆ పోలిక కుదరటం లేదు. తాళపత్రాన్ని పదిమంది చదవవచ్చు, నకలు తీసుకోవచ్చు, అనుమానం వస్తే మళ్లీ విప్పి చూడవచ్చు. సీసాను చదివితే అయిపోతుంది! చదవటమంటేనే ప్రతిని పోగొట్టుకోవటం. ఆ తరవాత మిగిలేది చదివినవాడి నాలుక మీద వున్న జ్ఞాపకం ఒక్కటే. ఆ జ్ఞాపకాన్ని సరిచూసుకునేందుకు దేశంలో వేరే ఆధారం లేకపోయినా, పెళ్లాంబిడ్డలున్న మనిషి దాన్నే నమ్ముకుని పొలంలో వున్న తీగెలు మార్పించటానికి పూనుకున్నాడు. ఏడుగురు పిల్లలు వాళ్లకు. మా కాలేజీలో పాఠ్యపుస్తకం మార్చాలన్నా నాలుగు సభలు చెయ్యందే తెమలదు.

మూర్వేద్ర్ పేరు గురించి ఒక్కమాట. భాషలు చెప్పుకుని బతికేవాణ్ణి, చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. స్పెయినులో వలెన్సియా దగ్గర సగుంతో అనే పట్నానికి పాతకాలంలో ముర్వియెద్రో అని పేరు. లాటిన్లో "పాత గోడలు" అనే మాటల నుంచి వచ్చిందంటారు. ఆ వూరిపేరే ద్రాక్షకు పేరయింది. కాటలోనియాలో మతారో అనే వూరు వుంది. వేరే దేశాల్లో ఇదే ద్రాక్షను మతారో అంటారు. స్పెయినువాళ్లు మాత్రం తమ వూళ్ల పేర్లు రెండూ వదిలేసి మొనస్త్రెల్ అంటారు. మన చక్కెరకేళి వూరూరా పేరు మార్చుకున్నా రుచి మార్చుకోనట్టే ఇదీనూ.

ఈ జాతికి ఎండ బాగా కావాలి, వేళ్లకు కాస్త చెమ్మ కావాలి. సముద్రం కనబడితేగాని పండదని అక్కడివాళ్లు అంటారు. బాందోల్ వెనక కొండలు అర్ధచంద్రాకారంలో సముద్రం వైపు తిరిగి వుంటాయి. ఆ వాలుమీద సున్నం అడుసు లేకుండా ఉత్త రాళ్లు పేర్చి గోడలు కట్టి, మెట్లు మెట్లుగా చేశారు. రెస్టాంకులంటారు వాటిని. ఎవరు కట్టారో తరతరాలుగా కడుతూనే వున్నారు. వానకు ఒక గోడ జారితే మళ్లీ పేర్చటమే. ఉత్తరం నుంచి మిస్త్రాల్ అనే పొడిగాలి వీచి గుత్తుల్లో తడి లేకుండా ఆరబెడుతుంది. ఇన్ని సౌకర్యాలు అమర్చి, తక్కువ కాపు కాసి, అందరికంటే ఆలస్యంగా పండే తీగె ఇది. అల్లారుముద్దుగా పెరిగిన ఏకైక పుత్రుడిలాగా.

లూసియన్ తన పొలంలో మార్చుకుని ఊరుకుంటే ఇది ఒక ఇంటి ముచ్చటగానే మిగిలిపోయేది. ఇరుగుపొరుగు రైతులను కూడగట్టుకుని ఊరిపేరుకు చట్టం తెప్పించాడు. ఫలానా నేలలో, ఫలానా జాతులతో, ఫలానా పద్ధతిలో చేసినదానికే ఆ వూరిపేరు పెట్టుకోవాలనే నియమం ఫ్రాన్సులో 1935లో వచ్చింది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లోనూ, బనగానపల్లె మామిడికి 2017లోనూ మనం తెచ్చుకున్న భౌగోళిక గుర్తింపు ఇల్లాంటిదే. ఫ్రెంచివాళ్లది ఇంకా కటువు; దిగుబడి ఇంత దాటరాదని కూడా శాసిస్తుంది. 1941 నవంబరు 11న, యుద్ధం నడుస్తుండగా, బాందోల్‌కు ఆ గుర్తింపు వచ్చింది. ఇప్పుడు హెక్టారుకు, అంటే రెండున్నర ఎకరాలకు, నాలుగు వేల లీటర్లు మించకూడదు.

ఆ చట్టంలో నాకు నచ్చిన తెలివి ఒకటి వుంది. ఎర్ర వైనులో మూర్వేద్ర్ వుండి తీరాలన్నారు, కాని మొదటనే సగం కావాలని పట్టుపట్టలేదు. 1946 నాటికి నూటికి పది పాళ్లు వుంటే చాలన్నారు. తీగె నాటి, అది కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుందని రైతుకు తెలుసు గనక రైతులు చేయించిన చట్టం అల్లా వుంది. తరవాత మెల్లిగా పెంచుకుంటూ పోయారు. ఈనాడు కనీసం సగం వుండాలి. తాంపియేవారు అంతకంటే ఎక్కువే కలుపుతారు. లా తూర్తీన్ అనే కొండవాలులో మూర్వేద్ర్ పాలు ఎక్కువ, దాని దిగువనే కబసావూ అనే చిన్న చెక్కలో వున్నది ఇంచుమించు అదే. ఒక్కో చెక్క పంటను విడిగా సీసాల్లో పడతారు.

ఎర్ర వైను ఎర్రగా ఎందుకుంటుందో చాలామందికి తెలియదు. నల్లద్రాక్ష పిండితే వచ్చే రసం దాదాపు తెలుపే. రంగంతా తోలులో వుంది. తోలూ గింజా రసంలోనే వుంచి పులియబెడితే రంగుతోపాటు ఇంకొకటి కూడా దిగుతుంది. దాన్ని వాళ్లు టానిన్ అంటారు. మనకు బంగారంలాంటి తెలుగుమాట వుంది, వగరు. మూర్వేద్ర్‌కు వగరు మెండు. అంచేత కనీసం 18 నెలలు కొయ్యపీపాల్లో వుంచాలని బాందోల్ నియమం. తాంపియేవారు వాడేవి చిన్నపీపాలు కావు, పాతబడ్డ పెద్ద ఓక్ కాగులు. కొత్తకొయ్య వాసన వైనుకు పట్టకూడదు, అందులో అది తీరుబడిగా ఊరాలి. ఏటేటా ఆవకాయ పెట్టే జాడీని మన ఆడవారు పారెయ్యకుండా ఎందుకు దాచుకుంటారో తెలిసినవారికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఈ వగరు సంగతి నేను పుస్తకంలో చదివి చెప్పటం లేదు. తూలాన్ వైపు ఉద్యోగం చేస్తున్న నా పాత శిష్యుడొకడు పోయిన సంక్రాంతికి వస్తూ, "మాస్టారూ, కథ ఎన్నిసార్లు చెప్పినా మీకు రుచి తెలియదు గదా" అని ఒక సీసా తెచ్చాడు. అయిదేళ్లనాటిది. మా ఇంట్లో అందుకు తగిన గ్లాసులెక్కడివి? షర్బత్ గ్లాసులు తెచ్చి పెట్టాను. అతను బాధపడ్డా పైకి ఏమీ అనలేదు. రంగు బాగా పండిన నేరేడుపండు రంగు. వాసనలో మిరియం, ఎండలో వాడిన ఏదో ఆకు, కొత్త చెప్పుల దుకాణంలో వచ్చే తోలువాసన. నోట్లో పోసుకోగానే నాలుక అంగిటికి అతుక్కుంది. లేత వక్క కొరికినట్టు! మా ఆవిడ కొస నాలుకతో చూసి, "ఏమండీ, ఇది మా అమ్మ కాచే కరక్కాయ కషాయం కాదూ? దీనికోసం విమానం ఎక్కించాలా?" అంది.

శిష్యుడు నవ్వాడు గాని నేను నవ్వలేకపోయాను. ఆవిడ అన్నది అక్షరాలా శాస్త్రం. టానిన్ అనే మాట పుట్టిందే తోళ్లు పదును చేసే పని నుంచి. మన దేశంలో కరక్కాయతోనూ, తంగేడు చెక్కతోనూ తోళ్లు పదును చేసేది వాటిలోని ఆ వగరు కోసమే. చెట్టుబెరడులో వున్నా, కరక్కాయలో వున్నా, ద్రాక్షతోలులో వున్నా అది చేసే పని ఒకటే: తోలును బిగిస్తుంది, నాలుకను బిగిస్తుంది. అదే వైనును ఏళ్ల తరబడి చెడకుండా నిలబెట్టటానికీ తోడ్పడుతుంది.

సీసాలో మిగిలినదాన్ని మూతపెట్టి మర్నాడు సాయంత్రం చూశాం. నిన్నటి వైను కాదు. గాలి తగిలి వగరు సగం దిగిపోయింది, అడుగున దాగిన పండురుచి పైకి వచ్చింది. మా ఆవిడ ఈసారి ఏమీ అనకుండా ఇంకొక్క చుక్క చూసింది. ఒక్కరాత్రికే ఇంత మారితే బిగించిన సీసాలో పాతికేళ్లకు ఏమవుతుందో! మామగారు పోసినది అల్లా మాగినది. లూసియన్ చేసిన పందెం ఎంత దూరానిదో ఆ రెండో సాయంత్రంగాని నాకు సరిగా బోధపడలేదు. నాటిన తీగెకు వయసు రావాలి, పీపాలో ఊరాలి, సీసాలో మాగాలి. ఆ మూడూ అయితేగాని మామగారి సీసాకు సాటి వచ్చిందో లేదో తెలియదు. ఒక జీవితంలో పాతికేళ్లు మాగే సీసాలు ఎన్నిసార్లు పెట్టగలం?

అంతదాకా ఇల్లు గడవాలి గదా. ఆ ఇంటికి పేరు తెచ్చినది వైను ఒక్కటే కాదు, లులు వంట కూడానూ. రకరకాల చేపలతో కాచే బూయబేస్ అనే పులుసూ, వెల్లుల్లి దంచి నూనెతో చిలికే అయోలీ, ఇల్లాంటి ఆ సీమ వంటలకు ఆమెది పెట్టింది పేరు. రిచర్డ్ ఓల్నీ అనే అమెరికా రచయిత తూలాన్ దగ్గరి కొండల్లో కాపురం పెట్టి, ఆ ఇంటికి వస్తూపోతూ, ఆమె వంటల మీద 1994లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. కెర్మిట్ లించ్ అనే కాలిఫోర్నియా వర్తకుడు ఈ వైనును అమెరికాకు దిగుమతి చేసి, తన పుస్తకంలో ఈ కుటుంబాన్ని గురించి రాశాడు. చుట్టాల్లాగా వచ్చి భోజనం చేసిన వాళ్లు ఆ పేరును దేశాలు దాటించారు. వ్యాపార ప్రకటనల మీద నాకు గురి తక్కువ. భోజనం పెట్టిన చెయ్యిని లోకం మరిచిపోదని మాత్రం చెప్పగలను.

కొడుకుల్లో జాన్-మరీ వైను తయారీ చూసుకున్నాడు, ఫ్రాన్సువా తోట చూసుకున్నాడు. లూసియన్ 1996లో పోయాడు. వాళ్ల తరవాత ఎవరు అనే ప్రశ్న, మన పల్లెటూళ్ల పొలాల గట్ల మీద వినిపించే ప్రశ్నే, అక్కడా వచ్చింది. 2000లో దానియెల్ రావియే అనే బయటివాణ్ణి తెచ్చి పెత్తనం అప్పగించారు. ఆస్తి కుటుంబానిదే, చెయ్యి వేరొకరిది. దీన్ని కుటుంబపు వైను అనవచ్చునా అని ముక్కుసూటిగా అడిగేవాళ్లున్నారు. నాకు మాత్రం, కొడుకులను బలవంతాన పొలంలో నిలబెట్టటం కంటే పనెరిగిన పరాయివాడికి తాళాలివ్వటమే ఆ పొలానికి మర్యాద అనిపిస్తుంది. అసలు లూసియన్ మటుకు ఆ పొలంలో పుట్టినవాడా? అతనూ బయటినుంచి వచ్చిన అల్లుడే.

లులు 2020లో, నూటరెండేళ్లు నిండి, కన్నుమూసింది.

ఇప్పుడు బాందోల్‌లో ఎక్కువగా తయారయేది ఎర్ర వైను కాదు, రోజే అనే గులాబిరంగు వైను. తోలును రసంలో కొద్దిసేపే వుంచి తీసేస్తారు గనక వగరు అంతగా దిగదు, ఏడాది తిరక్కుండానే అమ్ముడుపోతుంది, సముద్రతీరానికి సెలవులకు వచ్చినవాళ్లు చల్లగా తాగిపోతారు. తాంపియేవారూ చేస్తారు, మంచిదే చేస్తారట. ఆ రొక్కం చేతిలో ఆడుతుంటేనే ఎర్రదాన్ని ఏళ్ల తరబడి చీకట్లో ఊరనివ్వటం సాధ్యమవుతుందని నా లెక్క. తీరం వెంబడి సెలవుల బంగళాలకు గజాల లెక్కన నేల అడిగేవాళ్లకు కొరత లేదు. హెక్టారుకు నాలుగు వేల లీటర్లు మించని పంట వాళ్లతో పోటీ పడాలి.

సెప్టెంబరు వచ్చిందంటే కత్తెరలు పట్టుకుని మనుషులు ఆ మెట్లు ఎక్కుతారు. బాందోల్‌లో ద్రాక్ష చేత్తోనే కొయ్యాలి, యంత్రం పెట్టకూడదని చట్టం. పెట్టవచ్చునన్నా, ఆ రాతిగోడల మధ్యకు యంత్రం ఎక్కే దారి లేదు.